పాతరలో మా అత్త ఊపిరి

మొన్న మంగళవారం నేను నా కన్నకొడుకును చంపబోయి, ఇరవై ఏండ్ల కింద చచ్చిన మా అత్తను బతికించినాను. ఎట్లంటారా? కాళ్లు చాపుకొని కూర్చోండి, చెప్తాను. ఇందులో ఒక్క మాట అబద్ధముంటే నా నోట్లో మిగిలిన రెండు పండ్లూ ఇప్పుడే రాలిపోనీ!

అంతా మా తమ్ముడు హనుమంతు పుణ్యం. యుద్ధం ముగిసి మిలిటరీ నుంచి ఇంటికొచ్చినాడు గదా, వచ్చిన దినం నుంచీ ఒకటే పాట. “బీరు, అక్కా! బెంగుళూరు కంటోన్మెంటులో తాగినానే, ఆ బీరు! చల్లగా, చేదుగా, పైన ఇంత నురగ...” వాని కండ్లలో నీళ్లు. పెండ్లాం అలిగి పుట్టింటికి పోయినప్పుడు కూడా వాడు అంత ఏడ్వలేదు.

“దాన్ని చేసే మిషన్లు ఏనుగులంత ఉంటాయక్కా. మనవల్ల యాడైతాది?” అన్నాడు.

నాకు రోషమొచ్చింది. “ఏందిరా ఆ మిషన్లు? ఎట్లుంటాయో చెప్పు. నేను కడతాను.”

కట్టినాను! పావగడ సంతలో మూడు బానలు తెప్పించినాను. ఒక్కోదాంట్లో ఎద్దు ఈదొచ్చు. రాగులు మొలకెత్తించి, ఎండబెట్టి, విసుర్రాయిలో విసిరి, బెల్లమేసి గంజి కాచినాను. చేదుకు వేపాకు. పొంగేదానికి ఈతకల్లు మడ్డి. “లోపలి గాలి బయటికి పోవాల, బయటి గాలి లోపలికి రాకూడదక్కా” అన్నాడు హనుమంతు. అదెంత పని? మూతకు బొక్క కొట్టి, బొప్పాయి ఆకు కాడలు రెండు తేనెమైనంతో మోకాలి మాదిరి అతికి, ఒక కొన బానలోకి, ఇంకో కొన నీళ్ల చెంబులోకి దూర్చినాను. చుట్టూ జిగటమన్ను మెత్తినాను. గుడుక్... గుడుక్... అని చెంబులో బుడగలు!

“అక్కా, నువ్వు ఫస్టుక్లాసు ఇంజనీరువి!” అని వాడు నాకు సెల్యూటు కొట్టినాడు.

చేసేది సరే, దాచేది యాడ? నా కొడుకు నాగప్ప భజన గుంపుకు పెద్ద. ‘ఈ ఇంట్లో కల్లు చుక్క కనపడిన దినం నేను కూడు ముట్టను’ అని దేవుని ముందర ఒట్టు పెట్టుకున్న మనిషి. అందుకని నా కన్ను మా వాకిట్లో పాతర మీద పడింది. పాతరంటే తెలుసు గదా, భూమిలో బావి మాదిరి తవ్వి, ధాన్యం పోసి, నోటికి బండ మూసి మన్ను మెత్తేది. పోయినేడు పంట లేక అది ఖాళీ. చల్లగా కూడా ఉంటాది. నాగప్పా, కోడలు సాకమ్మా పక్కూరి భజనకు పోయిన దినం చూసి, హనుమంతు బానలు, చెంబులతో సహా, దాంట్లోకి దించి బండ మూసేసినాడు. “పది దినాలు కదిలించొద్దక్కా” అని చెప్పి, పెండ్లాన్ని పిలుచుకొచ్చేదానికి నాగలమడికకు పోయినాడు.

ఐదో దినం నుంచే నాకు దడ మొదలైంది. వాకిట్లో కూర్చుంటే కాళ్ల కింద భూమి ఊపిరి తీస్తాండాది! గుడుక్... గుర్ర్... గుడుక్. మూడు బానలూ ఒకదాని వెనక ఒకటి. అచ్చం మా అత్త ఉబ్బసం మాదిరే. ఆమె చచ్చేదాకా ఆ పాతర పక్కనే మంచమేసుకొని కావలి కాసింది. కుక్క కూడా ఆ బండ చుట్టూ తిరిగి తోక ముడుచుకొని పాయె. నా బానలే అని నాకు తెలుసు. తెలిసినా వీపు మీద ఎవరో చల్లని చెయ్యి పెట్టినట్టుండె.

ఏడో దినం పొద్దున మబ్బు పట్టింది. కళ్లంలో కొత్త రాగులు. భజన గుంపంతా వచ్చి సాయం పట్టినారు. “వాన రాకముందే పాతరలో పోసేయాల” అని నాగప్ప బండ జరిపినాడు. నేను “రేపు పోద్దాంలేరా” అని ఎంత మొత్తుకున్నా ఎవరు వింటారు?

పాతరలో దిగే ముందర దీపం దించి చూసేది మా వాడుక. తాడుకు ఆముదం దీపం కట్టి దించినారు. సగం దూరం పోయిందో లేదో... ఉఫ్! ఎవరో కిందినుంచి ఊదినట్టు ఆరిపాయె. మళ్లా దించినారు. మళ్లా ఉఫ్! మూడోసారీ అంతే. అందరూ పాతర నోటి మీదికి వంగినారు. అప్పుడు కిందినుంచి, గుర్ర్... గుడుక్...

“లోపల గాలి చెడింటాది” అన్నాడొకడు.

మద్దెల వాయించే మారప్ప రెండడుగులు వెనక్కేసినాడు. “గాలి చెడితే దీపం ఆరుతాది, సరేప్పా. గాలి మూలుగుతాదా?”

“అది మా అవ్వ!” అన్నాడు నాగప్ప. వాని మొగం వెలిగిపోయింది. “అవ్వ నన్ను ఎత్తుకొని పెంచింది. నన్నేం చేస్తాది? నేనే దిగి మొక్కొస్తాను.” నడుముకు తాడు కట్టుకున్నాడు.

అప్పుడు నాకు హనుమంతు మాట గుర్తుకొచ్చింది. మిషన్ల సంగతి చెప్తా చెప్తా అన్నాడు, ‘ఆ పీపాల గదిలో దీపం ఆరితే మనిషీ ఆరిపోతాడక్కా’ అని. నేను కట్టేది విన్నాను గానీ చచ్చేది వినలేదు! అంతలో నాగప్ప కాళ్లు లోపలికి వేలాడేసినాడు.

“దిగొద్దురా! అది అవ్వ కాదు, నా బీరు! నేనే చేసినాను!”

అందరూ నా దిక్కు తిరిగినారు. నమ్మినారనుకున్నారా?

“బీరా? ఈ ముసలామెకు బీరంటే ఏమి తెలుసు?” అన్నాడు మారప్ప. “అవ్వ ఈమెలోకి వచ్చింది! వేపమండలు తేండి!”

తెచ్చినారు. ఈడొక దెబ్బ, ఆడొక దెబ్బ. లక్ష దెబ్బలుంటాయి! “ఎవరు నువ్వు? చెప్పు!” నేను ఎంత ‘బీరు, బీరు’ అంటే అంత గట్టిగా కొడతాండారు. నాగప్పేమో ఇంకా దిగబోతాండాడు. నిజం పనికిరాదని అర్థమైపాయె. జుట్టు విరబోసుకొని, కండ్లు తేలేసి, ఉబ్బసం గొంతు పెట్టినాను.

“ఒరేయ్ చిన్నోడా! నేను మీ అవ్వను. దిగితే నీ రక్తం తాగుతాను! మూడు దినాలు బండ తీసిపెట్టు. వేపమండలకు రాయి కట్టి, గాలి కదిలేట్టు లోపల ఆడించు. దీపం నిలిచినాకనే దిగు!”

నాగప్ప తాడు విప్పి నా కాళ్ల మీద పడినాడు. నా ప్రాణం కుదుటపడింది. అంతటితో ఆపాలనుకున్నాను. నిజంగా! కానీ నోరు మూసుకోలేదు. దానంతట అదే, ఇంకా లోతు గొంతుతో అన్నాది:

“మీయమ్మ ఈ ఇంటికొచ్చి నలభై ఏండ్లాయె. ఈ పొద్దుకీ సంగటి గెలికేది రాలేదు. అంతా ఉండలు!”

ఎవరూ బిత్తరపోలేదు. మారప్ప తల ఊపినాడు. “అవ్వే. అనుమానమే లేదు.”

మూడు దినాలు వాళ్లు ఆడించిన రాళ్లకు నా బానలు మూడూ పగిలి, బీరంతా భూమి తాగింది. నాలుగో దినం దీపం నిలిచింది. నాగప్ప క్షేమంగా దిగి, “ఏవో పాత కుండ పెంకులు” అని బయటపడేసినాడు. హనుమంతు వచ్చి ఆ పెంకులు వాసన చూసి ఏడ్చినాడు.

నాగప్పను దిగొద్దని బెదిరించింది నేనే. దేవుని ముందరైనా చెప్తాను. కానీ ఆ సంగటి మాట? దాన్ని నేను అనలేదప్పా! నన్ను నేను తిట్టుకుంటానా? నిన్న పొయ్యి కాడ సంగటి గెలుకుతా సాకమ్మను అడిగినాను. “ఏమ్మే, ఆ మాట నిజంగా మా అత్తే అన్నాదంటావా?”

“ఎవరన్నా ఏముందిలే అత్తా” అంటా, నా చేతిలోని తెడ్డు మెల్లగా తీసేసుకున్నాది.