చల్లబడని లై

1943 చలికాలం. అప్పుడు నేను అబిడ్స్‌లో ఒక మందుల దుకాణంలో కంపౌండర్‌ని. యుద్ధం వల్ల మంచి సబ్బు దొరకడం గగనమైపోయి, జనం ఇళ్లల్లోనే చేసుకోవడం మొదలుపెట్టారు. దగ్గు మందు ఎంత అమ్మేవాణ్ణో కాస్టిక్ సోడా కూడా అంత అమ్మేవాణ్ణి. దాంతోపాటు సలహాలు ఉచితం. అడిగినా అడక్కపోయినా ఇచ్చేవాణ్ణి.

నాంపల్లి స్టేషన్ వెనక రెండు గదులు కిరాయికి తీసుకుని ఉండే రుక్మిణమ్మ ఆ రోజుల్లోనే వచ్చింది. భర్త పోయి రెండేళ్లు. హిమాయత్‌నగర్‌లో ఆడపిల్లల హాస్టల్‌కు సబ్బు చేసి ఇస్తూ బతుకుతోంది. ఆ పని పోతే గదులు ఖాళీ చేసి అన్న ఇంటికి పోవాలి. వదిన మాటొస్తే చాలు, ఆమె ముఖం మాడిపోయేది.

“ఎండకాలమంత మంచిగనే వచ్చింది సాబ్. చలి మొదలైనకాంచి పైన నూనె ముద్దకడుతుంది, కింద నీళ్లు నిలుస్తున్నయ్” అంది.

కారణం నాకు తెలిసిందే. కాస్టిక్ సోడా కలిపిన నీళ్లను లై అంటారు. పొయ్యి మీద ఉడికించకుండా చేసే కోల్డ్ ప్రాసెస్ సబ్బులో లై, నూనె రెండూ గోరువెచ్చగా కలవాలి. మరీ వేడిగా ఉంటే పొంగి విరుగుతుంది. చల్లగా ఉంటే కొబ్బరినూనె లైతో కలవకముందే పేరుకుంటుంది. చిక్కబడింది కదా అని అచ్చులో పోసేస్తాం. తెల్లారి చూస్తే లై అడుగున వేరుగా ఉండి చేతులు కాలుస్తుంది.

“రెండూ వంద డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ఉండాలె” అన్నాను.

“గదెట్ల ఎరుకైతది సాబ్? నేను జాడీ ముట్టి చూస్త.”

“చేతిని నమ్మొద్దమ్మా. గాజు చెప్పిందే నమ్మాలె.”

లాబొరేటరీల్లో వాడే పొడుగాటి థర్మామీటర్లు ఆ రోజుల్లో దొరికేవి కావు. జ్వరం చూసేది ఇచ్చాను. లై బాగా చల్లారాకే ముంచాలని, లేకపోతే పగులుతుందని కూడా చెప్పాను. ఆ ముక్క చెప్పినందుకు నా అంతటివాడు లేడనుకున్నాను.

వారం తిరక్కుండా మళ్లీ వచ్చింది. సబ్బు మళ్లీ విరిగింది. “చెప్పింది చెప్పినట్టు చెయ్యకుంటే మందైనా పనిచెయ్యదమ్మా” అన్నాను, దుకాణంలో నలుగురి ముందు. ఆమె మళ్లీ సోడా కొనుక్కుని వెళ్లింది. మూడోసారీ చెడింది. నెలాఖరుకు సరుకు రాకపోతే వేరేవాళ్లను చూసుకుంటానని హాస్టల్ వార్డెన్ కబురు పంపింది.

శుక్రవారం సెలవు. నేనే నాంపల్లి వెళ్లి, ఆమె చేస్తుంటే పక్కన కూర్చున్నాను. థర్మామీటర్ కడిగి, తడి పోయేలా విదిలించి, దాంతో చూస్తూ నూనె సరిగ్గా వందకు తెచ్చింది. తర్వాత దాన్నే గుడ్డతో తుడిచి జాడీలో లైకి పెట్టింది. నూట ఎనిమిది. ఆగింది. అరగంటకు చూస్తే నూట ఎనిమిదే. మరో గంటకూ అంతే.

“సూడున్రి సాబ్, దిగుతనే లేదు. రోజూ గిట్లనే. పొద్దు గుంకేదాంక సూసి, ఇగ కలిపేస్త.”

జాడీ మీద చెయ్యి వేశాను. బావినీళ్లంత చల్లగా ఉంది. థర్మామీటర్ బయటికి తీసినా పాదరసం నూట ఎనిమిది దగ్గరే ఉంది.

నోట్లోంచి తీశాక కూడా చదవాలి కాబట్టి, జ్వరం థర్మామీటర్‌లో పాదరసం ఒకసారి ఎక్కితే దానంతటది దిగదు. విదిలించాలి. రోజుకు పదిసార్లు నేను చేసే పని అది. చేయడం అలవాటై చెప్పడం మరిచాను.

“చల్లారింది మీ చేతికి తెలువలేదా అమ్మా?”

“తెలిసింది సాబ్. గని చేతిని నమ్మొద్దని మీరే చెప్పిన్రు గద. నేనేమన్న సదువుకున్నదాన్నా?”

జాడీని వేణ్ణీళ్లలో పెట్టి లైని వెచ్చబరిచాం, పేరుకుంటున్న నూనెను మళ్లీ కరిగించాం, ప్రతిసారీ థర్మామీటర్ విదిలించి చూశాం. తెల్లారికి సబ్బు గట్టిగా నిలిచింది. అడుగున చుక్క నీళ్లు లేవు. కానీ అలాంటి సబ్బు నెల రోజులు ఆరితే గాని ఒంటికి పనికిరాదు. నెలాఖరుకు వారమే ఉంది.

హిమాయత్‌నగర్ వెళ్లి వార్డెన్‌తో ఉన్నదున్నట్టు చెప్పాను. తప్పు నాది, ఒక నెల గడువివ్వమన్నాను. ఆవిడ చేతిలో పుస్తకం పక్కన పెట్టింది.

“ఎందుకు చెడిపోతుందని రెండుసార్లు అడిగిన. ‘నా చేతిదే తప్పు’ అన్నది రుక్మిణమ్మ. మీ మాటే ఎత్తలేదు” అంది.

గడువు ఇచ్చింది. నేను మాత్రం సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఆ కౌంటర్ వెనకే నిలబడ్డాను. సరుకు చెడిందని ఎవరొచ్చినా, వాళ్లేం చేశారని అడిగేముందు నేనేం చెప్పానో గుర్తు తెచ్చుకునేవాణ్ణి.