రెండో బస్తా

కారవాన్ బుధవారం పొద్దున వీధిలోకి వచ్చింది. అంతవరకూ దాన్ని వోబ్బె ఊరవతల ఒక రైతు గొడ్లచావడిలో దాచాడు. ఇంటి ముందు మూడు రోజులకు మించి నిలపడానికి మునిసిపాలిటీ ఒప్పుకోదు. అందుకే ఫ్రిస్లాండ్ ఊళ్ళలో వేసవి ప్రయాణమంటే ముందు మూడు రోజుల జాతర. చక్రాల ఇల్లు వస్తుంది, తలుపు తెరుచుకుంటుంది, వీధి వీధంతా కాఫీ కప్పులు పట్టుకుని లోపలికి తొంగి చూస్తుంది. సాయం చెయ్యడానికి వచ్చామంటారు. ఎవరి అల్మరాలో ఏముందో చూసి వెళతారు. దీనికి ఇరుగుపొరుగు ప్రేమ అని పేరు.

వోబ్బె జీవితమంతా విత్తనపు దుంపల గిడ్డంగిలో పనిచేశాడు. బెల్టు మీద దొర్లుకొచ్చే బంగాళదుంపల్లో పుచ్చువి ఏరి, సైజులు కట్టి, బస్తాలకెత్తించాడు. రిటైరయ్యాక తనలాగే కాస్త వయసు మళ్ళిన కారవాన్ కొన్నాడు. పెళ్ళాం రిన్స్కె అడిగి అడిగి నోరు నొప్పెట్టి ఊరుకున్న పదేళ్ళకు కొన్నాడు. అయినా అది తన ఆలోచనే అన్నట్టు వీధంతా చెప్పుకున్నాడు. ఆమె కాదనలేదు. కొన్నాడు కదా, అది చాలు.

రిన్స్కెది, రిటైరయ్యేదాకా, ఇంటింటికీ సైకిలు మీద తిరిగే ఉద్యోగం. ముసలివాళ్ళకు స్నానం చేయించడం, కాళ్ళకు బిగుతు మేజోళ్ళు తొడగడం, మందులు మింగించి మళ్ళీ సైకిలెక్కడం. కట్ట మీద దారి, వాన, ఎటు తిరిగినా మొహాన కొట్టే గాలి. ఆ ముసలివాళ్ళలో డీన్స్ట్రా టీచరమ్మ అని ఒకావిడ ఉండేది. ఒకరోజు కాళ్ళు తుడుస్తుంటే అంది: “ఈ కాళ్ళు చూస్తే నమ్మవు గానీ రిన్స్కె, ఇవి ఆస్ట్రియాలో ద్రావా నది పొడుగునా సైకిలు తొక్కాయి. ఒక్కదాన్నే వెళ్ళా. నది దిగువకి పోతుంటే దాని వెంటే నేనూ. ఎదురుగాలన్నదే లేదు.”

“గాలి లేని దేశం ఎక్కడుంటుందండీ?”

“నమ్మకపోతే వెళ్ళి చూసిరా.”

టీచరమ్మ పోయింది. ఆ నది మాత్రం రిన్స్కె బుర్రలో ఉండిపోయింది. కారవాన్ కొన్నరోజే మొగుడితో తేల్చి చెప్పింది: “నా సైకిలు వస్తేనే నేనొస్తా. పొద్దున్నే నేనొక్కదాన్నే నది వెంట పోతా, పొద్దుగూకాక వస్తా. మధ్యలో నన్నెవరూ ఏమీ అడక్కూడదు. తిండి కూడా.”

“సరే సరే,” అన్నాడు వోబ్బె. కళ్ళు కారవాన్ గ్యాస్ పొయ్యి మీదున్నాయి.

మూడు వారాల ఆస్ట్రియా ప్రయాణంలో ఆమె కోరింది అదొక్కటే. మిగతాదంతా అతనికి వదిలేసింది.

ఆ మిగతా అంతా ఎదురింటి డౌవె చేతిలో పడింది. డౌవెకు కారవాన్లంటే పుట్టు జ్ఞానం. కారు వెనక మూడోదాన్ని లాగుతున్నాడు, ఆ సంగతి మరిచిపోనివ్వడు. మూలకాళ్ళు దించి, గచ్చు మీద రసమట్టం పెట్టి, ఒక కన్ను మూసి చూశాడు.

“ఒరే వోబ్బె, బరువంతా ఇరుసు మీదికి తెచ్చుకో. వెనక సర్దావంటే రోడ్డు మీద కుక్క తోకాడించినట్టు ఊగుద్ది. ముందు సర్దావంటే నీ కారు వెనక్కాళ్ళ మీద కూచుంటుంది.”

“నడిమికి సర్దితే?”

“నడిమికి సర్దితే నడవడానికి దారుండదు. అదే మరి కారవానంటే.”

డౌవె పెళ్ళాం బౌక్యె వంట అల్మరా తెరిచి చూసింది. “పెనం ఒక్కటేనా రిన్స్? చేపలకి వేరే వద్దూ?”

“చేపలు నేను వండను.”

“అలాగే అంటావు. అక్కడ వంటంటే పనిలా అనిపించదు, సరదా!”

“ఆ సరదా ఇంటి దగ్గర చాలా తీర్చుకున్నా బౌక్యె.”

బౌక్యె నవ్వింది. జోకనుకుంది. సాయంత్రానికి చేపల పెనం, అట్ల పెనం, కాఫీ వడగట్టే గరాటు, నీళ్ళ గొట్టం, దాని చివర ఒకటి కాదని మూడు రకాల మూతులు, అన్నీ “అవసరం పడుద్దిలే” అంటూ తలా ఒకరు తెచ్చి పెట్టి వెళ్ళారు. వద్దంటే మొహం ముడుచుకుంటారు. రిన్స్కె బయటికి వెళదామని కొనిపించిన కారవాన్ రెండు రోజుల్లో ఆమె వంటగదికి పిల్లగా తయారైంది. ఇంటి దగ్గర వంటగదికి కనీసం కిటికీలోంచి కాలవ కనిపించేది.

పెరటి దుంపల బస్తా మంచం కింద చేరినప్పుడు కూడా ఆమె ఊరుకుంది. ఇందులో వోబ్బెను తప్పుపట్టడం కష్టం. ఆ ఊరి మగాళ్ళలో సగం మంది విదేశాలకు వెళితే దుంపలు మోసుకెళతారు. “అక్కడివి ఉడికిస్తే సబ్బులా ఉంటాయి,” అనేవాడు వోబ్బె. అక్కడికి వెళ్ళి తిన్నవాడు కాదు. ఆస్ట్రియావాళ్ళు ఇన్నాళ్ళూ ఏం తిని బతుకుతున్నారని ఎవరూ అడగరు.

శుక్రవారం మధ్యాహ్నం కారవాన్‌ను ధాన్యం వ్యాపారి కాటా మీదికి తీసుకెళ్ళారు. డౌవె సలహానే. బరువు మించితే సరిహద్దు దగ్గర పోలీసులు ఆపి దింపిస్తారు. రిన్స్కె సైకిలు ముందువైపు, కారుకు తగిలించే కొక్కెం పైన పట్టీలతో కట్టి ఉంది. బ్యాటరీ సైకిలు, బరువైనదే. కాటా మనిషి కిటికీలోంచి తల బయటపెట్టాడు.

“ఎనభై కిలోలెక్కువ సార్. ముందు వైపు మరీ.”

వోబ్బె నీళ్ళ డబ్బా ఖాళీ చేశాడు. గొట్టం తీశాడు, మూతులు మాత్రం తియ్యలేదు. రిన్స్కె మడత కుర్చీ తీశాడు. ఆమె వాన కోటు, బూట్లు ఉన్న సంచీ తీశాడు. “వేసవే కదా,” అన్నాడు. చివరికి సైకిలు చుట్టూ ఒకసారి తిరిగాడు.

“రిన్స్, అక్కడ సైకిళ్ళు అద్దెకిస్తారట.”

“నా సీటు నా నడుముకి అమర్చుకున్నది.”

“మరేం చెయ్యమంటావు?”

“దుంపలు దించు.”

“బస్తా దించితే పాతికే కదా తగ్గుద్ది!”

రిన్స్కె లోపలికెక్కి మంచం పలక లేపింది. బస్తా ఉంది. దాని వెనక, దుప్పటి కప్పి, ఇంకో బస్తా ఉంది. ఆమె దుప్పటి తీసింది.

“ఇదేంటి?”

వోబ్బె తలుపు దగ్గరే నిలబడ్డాడు. “నీకు చెబుదామనే అనుకున్నా.”

“ఎప్పుడు? ఆస్ట్రియాలో తొక్క తీసేటప్పుడా?”

“డౌవె వాళ్ళు కూడా వస్తున్నారు. అక్కడ కారవాన్లు నిలిపే చోట మన పక్క జాగానే తీసుకున్నారు. మొదటిసారి కదా మనకి, ఎవరో ఒకరు తెలిసినవాళ్ళు ఉంటే... డౌవె బండి నిండిపోయింది, దుంపలు నువ్వు పట్టుకురా అన్నాడు. నేను సరే అన్నా.”

“నాక్కూడా సరే అన్నావు.”

“మాటిచ్చాను రిన్స్. ఇప్పుడు వెళ్ళి దుంపలు తేలేనని ఏ మొహంతో చెప్పను?”

అతనికి అది నిజంగా కష్టం. వీధిలో ఇచ్చిన మాట మాట. ఇంట్లో ఇచ్చినది ఉత్త కబుర్లే. రిన్స్కె రెండు బస్తాల వైపూ చూసింది. నలుగురికి సరిపడా దుంపలు. పొద్దున్నే నది వెంట పోవడం ఉండదని, “ఇంకా రాలేదేంటి, దుంపలు పొయ్యి మీద పెట్టాలి కదా” అని బౌక్యె గొంతు వినబడుతుందని ఆమెకు అర్థమైంది.

కిందికి దిగింది. సైకిలు పట్టీలు విప్పింది. వోబ్బె ఆమె ఒప్పుకుందనుకుని చెయ్యి వేశాడు. అతని చెయ్యి పక్కకు నెట్టి సైకిలు తానే దించుకుంది.

“ఇప్పుడు చూడండి,” అంది కాటా మనిషితో.

“ఇంకా కొంచెం ఎక్కువుందమ్మా. పెనాలు గినాలు రెండు తీస్తే సరిపోద్ది.”

“పెనాలు ఆయనకి కావాలి. వంట చేసేవాళ్ళు రావట్లేదు.” వోబ్బె వైపు తిరిగింది. “నా బట్టలు దించు. సరిపోద్ది.”

సైకిలెక్కి ఇంటికి వెళ్ళిపోయింది. వోబ్బె వెనకనుంచి పిలిచాడు. తర్వాత కాటా ఎంత చూపిస్తోందో చూడడానికి వెనక్కి తిరిగాడు.

శనివారం పొద్దున వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. వెళ్ళేవాళ్ళకు చేతులూపి సాగనంపడం ఇక్కడి మర్యాద. రానివాళ్ళను తర్వాత ఏడాదంతా గుర్తుపెట్టుకుంటారు. కారవాన్ అడ్డం వల్ల వోబ్బెకు వెనక ఏముందో కనిపించదు. నెలంతా సూపర్ మార్కెట్ ఖాళీ మైదానంలో రిన్స్కే సైగలు చేస్తూ వెనక్కి తియ్యడం నేర్పించింది. ఇప్పుడూ ఆమే కారవాన్ వెనక నిలబడి చేతులూపింది. “ఎడమకి. ఇంకా. దీపస్తంభం! ఆపు. ఇప్పుడు రా.” కారవాన్ గీత పడకుండా వీధి మలుపు తిరిగింది.

తమ బండి ఎక్కబోతూ బౌక్యె ఆమె భుజం తట్టింది. “పాపం, ఇప్పుడే నడుం పట్టెయ్యాలా? వోబ్బె చెప్పాడు. బాగా పడుకో.”

“నా నడుం బాగానే ఉంది. నేనే వెళ్ళట్లేదు.”

“అలాగేలే, రెస్టు తీసుకో,” అంది బౌక్యె, జబ్బు మనిషితో మాట్లాడే గొంతుతో. నడుం నొప్పి ఆ వీధికి అర్థమవుతుంది. ఒక ఆడమనిషి మొగుడితో సెలవులకు వెళ్ళనంటే అర్థం కాదు. అర్థం కానిదానికి నొప్పి అని పేరు పెట్టుకుంటే అందరికీ సుఖం.

రైలెక్కి ఒక్కతే వెళ్ళవచ్చు కదా అనడం తేలిక. ఆదివారమంతా ఆమె కూడా అదే అనుకుంది. ఏ రైలు ఎక్కడ మారాలో చూసింది. సంచీ తీసి మంచం మీద పెట్టింది. కానీ ఇంతకాలం ఎవరో ఒకరు తలుపు తీస్తారని తెలిసిన చోటికే సైకిలు తొక్కిన మనిషి ఆమె. ఎవరూ ఎదురుచూడని ఊళ్ళో రైలు దిగి ఎటు తిరగాలో ఆమెకు తోచలేదు. ఒక్కతే వెళ్ళడం నేర్చుకోనివ్వనిది వోబ్బె ఒక్కడే కాదు, ఆ సంగతీ ఆమెకు తెలుసు. సంచీ మళ్ళీ అల్మరా పైకెక్కింది.

సోమవారం పాత ఆఫీసు నుంచి ఒక పిల్ల ఫోను చేసింది. “రిన్స్కె, మీరు ఊళ్ళోనే ఉన్నారని విన్నాను. వేసవి కదా, మనవాళ్ళు సగం మంది కారవాన్లలో ఉన్నారు. మిమ్మల్ని అడగడం బాగోదు గానీ...”

“ఎవరింటికి?” అంది రిన్స్కె, ఆ పిల్ల మాట పూర్తికాకముందే.

మర్నాడు కట్ట మీద గాలి ఎప్పట్లాగే మొహాన కొట్టింది. ఆమె చేరేసరికి ముసలాయన మంచం అంచున కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని ఉన్నాడు.

“మీరెళ్ళలేదా అమ్మా సెలవులకి?”

“వెళ్ళామండీ,” అంది రిన్స్కె, మేజోడు మడమ దాటించి పైకి లాగుతూ. “మా ఆయన ఉన్నాడక్కడ.”