బిల్లీగారి సీటు

విమానం తప్పిపోయినవాళ్ళు మీకు చాలామందే తెలిసి ఉంటారు. టాక్సీ ఆలస్యమైందనో, పాస్‌పోర్టు ఇంట్లో మరిచిపోయామనో, పొగమంచనో వాళ్ళకి ఏదో ఒక గౌరవప్రదమైన కారణం ఉంటుంది. నాకు ఆ అదృష్టం కూడా లేదు. నేను అందరికంటే ముందే వెళ్ళాను. టికెట్టు జేబులో ఉంది, పాస్‌పోర్టు చేతిలో ఉంది, విమానం అద్దాల్లోంచి కనిపిస్తూనే ఉంది. అయినా దాన్ని పోగొట్టుకున్నాను. అంత పని ఒక్కడివల్ల అవుతుందా అని మీకు అనుమానం రావచ్చు. ఒక సాక్షిని కూడా తోడు తెచ్చుకున్నాను లెండి.

దోహాలో చమురు డబ్బు వరదలా పారుతున్న రోజులవి. ఇవాళ ఇసుకదిబ్బ ఉన్నచోట కాస్త కన్నుమూసి తెరిచేసరికి మూడంతస్తుల మేడ లేచేది. ఆ మేడలకి ప్లాన్లు గీసే ఒక కాంట్రాక్టు కంపెనీలో నేను డ్రాఫ్ట్స్‌మన్ని. మదీనత్ ఖలీఫాలో కంపెనీవాళ్ళు ఇచ్చిన విల్లాలో ముగ్గురు బ్రహ్మచారులు, పెళ్ళయిన బ్రహ్మచారిని నేనొకణ్ణి ఉండేవాళ్ళం. మా ఆవిడ విమల తాడేపల్లిగూడెంలో పుట్టింట్లో ఆడపిల్లని కంది. ఆదివారం బారసాల అని ఉత్తరం వచ్చింది. చివర్లో, "మీరు రాకపోతే పేరు మా అమ్మే పెట్టేస్తుంది, తరవాత నన్ననకండి" అని రాసింది.

మా అత్తగారి అభిరుచి నాకు తెలుసు. వాళ్ళింట్లో ఆవుని పిలవాలంటే మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకోవాలి, అంత పొడుగు పేరు పెట్టిందావిడ. నేనేమో 'లత' అని రెండే రెండక్షరాలు మనసులో ఖాయం చేసుకుని ఉన్నాను. పైగా ఆ పిల్లని నేనింకా చూడలేదు. బుగ్గలెలా ఉంటాయో, ముక్కెవరిదో తెలియక ఆఫీసులో గీసే ప్రతి కిటికీలోనూ ఒక పసిమొహం ఊహించుకుంటున్నాను.

కంపెనీ సెలవిచ్చింది గానీ టికెట్టివ్వలేదు. మామూలు టికెట్టు కొనే స్తోమతు నాకు లేదు. మా శేషగిరి దగ్గరికి పరిగెత్తాను. శేషగిరిది ఏలూరు. కాలేజీ నుంచీ స్నేహితుడు, దోహాలో ట్రావెల్ ఏజెన్సీలో పని.

"స్టాండ్‌బై టికెట్టుందిరా, చాలా చవక," అన్నాడు.

"బొంబాయిదాకా నిలబడే వెళ్ళాలా?" అన్నాను. ఏలూరు బస్సుల్లో వేలాడి పెరిగినవాణ్ణి కాబట్టి ఆ ప్రశ్నలో భయం లేదు, ఆరా మాత్రమే ఉంది.

శేషగిరి నుదురు కొట్టుకున్నాడు. "కూర్చునే వెళ్తావు. సీటున్నవాడు ఎవడైనా రాకపోతే ఆ ఖాళీలో నిన్ను ఎక్కిస్తారు."

"అందరూ వస్తే?"

"మర్నాడు చూస్తారు."

"మర్నాడూ అందరూ వస్తే?"

"అందుకేరా చవక! ఇది తొందర లేనివాళ్ళ టికెట్టు. నీకేం తొందర లేదు కదా?"

"అబ్బే, తీరుబడిగా ఉన్నాను," అన్నాను. శుక్రవారం విమానమెక్కి, బొంబాయిలో రైలు పట్టుకుని, ఆదివారం పొద్దున్నకల్లా గూడెంలో పీటలమీద కూర్చోవాల్సిన మనిషి చెప్పిన మాట అది!

శుక్రవారం ఉదయమే విమానాశ్రయంలో దిగాను. ఒక చేతిలో టేప్‌రికార్డరు, ఇంకో చేతిలో పాపకి కొన్న గౌన్లు. ఆ గౌన్లలో ఒకటి కూడా దానికి పదేళ్ళు వచ్చేదాకా సరిపోదని తరవాత తెలిసిందనుకోండి. కౌంటర్లో గుమాస్తా నా టికెట్టు చూసి జాబితాలో ఏదో గిలికాడు. "నేమ్ బోలేగా, తుమ్ ఆయేగా," అని కుర్చీ చూపించి, డ్యూటీ దిగి వెళ్ళిపోయాడు. అతని స్థానంలో ఒక అరబ్బు ఉద్యోగి వచ్చాడు. పెద్ద మీసాలు, చేతిలో మైకు.

నా పక్క కుర్చీలో కంబళి మూటని చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని ఒకాయన కూర్చున్నాడు. పేరు మల్లయ్య. జగిత్యాల దగ్గర పల్లె. మెసైమీర్‌లో ఏదో సైట్లో తాపీమేస్త్రి. అతనిదీ స్టాండ్‌బై టికెట్టే.

"ఎన్నాళ్ళయింది ఇంటికెళ్ళి?" అనడిగాను.

"శానా అయింది సార్. మా ఊరోళ్ళంత నేను దుబాయ్‌ల ఉన్ననంటరు. కాదు, ఖతర్ అని ఉత్తరం రాపిస్తె, కత్తెర పని ఎప్పుడు నేర్సినవ్‌రా అని మా బాపు అడిగిండు."

ఇద్దరం నవ్వుకుంటూ ఉండగా మైకు గరగరలాడింది.

"మిస్టర్ బిల్లీ! బాసింజర్ టు బాంబే, మిస్టర్ బిల్లీ! కమ్ బ్లీజ్!"

ఎవరూ లేవలేదు. మళ్ళీ పిలిచాడు. మళ్ళీ ఎవరూ లేవలేదు.

మల్లయ్య చెవి రిక్కించాడు. "బిల్లి అంటె పిల్లే గద సార్? మా క్యాంపుల పఠాన్ పాలు పోసుకుంట బిల్లీ బిల్లీ అని పిలుస్తడు. ఎవలదో పిల్లి తప్పిపోయినట్టుంది."

పిల్లి అన్న మాట చెవిన పడగానే చిన్నప్పటి అలవాటుకొద్దీ ఉలిక్కిపడ్డాను. వెంటనే సర్దుకుని, నాలుగు ముక్కలు చదువుకున్నవాడి గొంతు తెచ్చుకున్నాను.

"పిల్లికి మిస్టరేమిటయ్యా! బిల్లీ అంటే ఇంగ్లీషువాళ్ళ పేరు. విలియమ్ అని పెడతారు, ముద్దుకి బిల్లీ అంటారు."

"గట్లనా? గా దొర పండుకున్నడు సూడుండ్రి, ఆయనేనేమో."

నిజమే. ఎదురు వరసలో ఎర్రగా కాలిన మొహంతో ఒక భారీ తెల్లదొర, చమురు బావుల దగ్గర పనిచేసేవాళ్ళ టోపీ కళ్ళమీదికి లాక్కుని గుర్రుపెడుతున్నాడు. పాపం విమానం పోగొట్టుకుంటాడేమోనని నా గుండె కరిగిపోయింది. వెళ్ళి భుజం తట్టాను.

"మిస్టర్ బిల్లీ! యువర్ ప్లేన్!"

ఆయన ఒక కన్ను తెరిచాడు. "నేను బిల్లీని కాదు."

"మైకులో మిమ్మల్నే పిలుస్తున్నారు."

"నా పేరు హ్యారీ. నేను వెళ్ళేది బహ్రెయిన్. నన్ను నిద్రపోనీ."

కన్ను మూసుకుపోయింది. ఈలోగా మూడోసారి పిలుపు. ఈసారి మీసాలాయన గొంతులో ఏడుపు కూడా కలిసింది. సరిగ్గా అప్పుడే తలుపు అవతల ఇంకో తెల్లాయన టాక్సీ ఎక్కుతూ కనిపించాడు.

"అడుగో బిల్లీ! వెళ్ళిపోతున్నాడు!" అన్నాను.

"అరె, పోతనే ఉండె!" అన్నాడు మల్లయ్య.

నా బుర్రలో దీపం వెలిగింది. ఆ దీపమే నా కొంప అంటించిందని అప్పుడు తెలియదు. బిల్లీ రాలేదంటే బిల్లీ సీటు ఖాళీ. సీటు ఖాళీ అంటే స్టాండ్‌బైవాడికి పండగ. మల్లయ్యని వెంటబెట్టుకుని కౌంటరు దగ్గరికి దూసుకుపోయాను.

"సర్, బిల్లీ నో కమింగ్," అన్నాను.

మీసాలాయన మైకు దించాడు. "బిల్లీ నీకు తెలుసా?"

తెలియదనాల్సింది. నోరు నా మాట వినలేదు. "యస్ సర్. వెరీ గుడ్ ఫ్రెండ్."

"ఎక్కడున్నాడు?"

"ఇంటికెళ్ళిపోయాడు. కడుపునొప్పి." ఈ కడుపునొప్పి ఎక్కణ్ణుంచి పుట్టిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

"వల్లా? ఒట్టేనా? నువ్వు చూశావా?"

"నా కళ్ళతో చూశాను. కావాలంటే ఇతన్ని అడగండి."

మల్లయ్య మూట దించి, కోర్టులో ప్రమాణం చేసేవాడిలా గుండెమీద చెయ్యేసుకున్నాడు. "హా సాబ్! బిల్లీ చలాగయా. మై బీ దేఖా."

"ఖలాస్," అన్నాడాయన. కలం తీసి బిల్లీని అడ్డంగా కొట్టేశాడు. నాకు లతని ఎత్తుకున్నంత ఆనందమైంది. ఆయన కిందికి చూసి చదివాడు. "నెక్స్ట్... మల్లయ్య!"

మల్లయ్య ఎగిరి గంతేశాడు. అదే ఆఖరి సీటు. నేను కౌంటరు పట్టుకుని నిలబడిపోయాను.

"మరి నేను?"

"నీ పేరు?"

"రామ్మోహనరావు."

ఆయన పైనుంచి కిందికి వెతికాడు. కిందినుంచి పైకి వెతికాడు. "మాఫీ! రామ్మోహన్ లేడు. బాస్‌బోర్ట్ చూపించు."

పాస్‌పోర్టు ఇచ్చాను. చదివాడు. నన్ను చూశాడు. మళ్ళీ చదివాడు. మీసాలు రెండూ రెండు దిక్కులకి నెమ్మదిగా లేచాయి.

"ఇందులో బిల్లీ అని ఉంది!"

అప్పుడు, చూడండి, నా కాళ్ళకింద దోహా నగరం మొత్తం ఒక్కసారి పక్కకి జరిగింది.

మీ దగ్గర దాచడమెందుకు? మా ఇంటిపేరు పిల్లి. బళ్ళో హాజరు పిలిచినప్పుడల్లా వెనకబెంచీ మొత్తం 'మ్యావ్' అనేది. ఆ అవమానం భరించలేక మా వంశాన్నంతా ఒక్క అక్షరానికి కుదించి, పక్కన చుక్క పెట్టి, పి. రామ్మోహనరావునయ్యాను. ఆఫీసులో మిస్టర్ రావ్. ఒక్క పాస్‌పోర్టులోనూ, దాన్ని చూసి రాసిన టికెట్టులోనూ మాత్రం పిల్లి పూర్తిగా, అందరికంటే ముందు కూర్చుంది. అరబ్బుల నోట 'ప' పలకదు, 'బ' అయిపోతుంది. ఇది నాకు తెలియదా అంటే, మా మేనేజరు రోజూ 'బెన్సిల్' అంటే ఒక్కనాడైనా తడబడకుండా పెన్సిలు అందించినవాణ్ణి! పెన్సిలుని గుర్తుపట్టాను గానీ నన్ను నేను గుర్తుపట్టలేదు.

"సర్, ఐ యామ్ బిల్లీ!" అని అరిచాను.

మీసాలాయన మొహం గంభీరంగా మారింది. "బిల్లీ నీ ఫ్రెండ్ అన్నావు."

"అవును... కాదు. నేనే బిల్లీ."

"బిల్లీకి కడుపునొప్పి అన్నావు."

"నొప్పి లేదు సర్."

"ఇంటికెళ్ళాడన్నావు."

"వెళ్ళలేదు. ఇక్కడే ఉన్నాను."

"నీ కళ్ళతో చూశానన్నావు!"

అద్దంలో చూసుకున్నాననాలా? ఆయన అనుమానం ఆయనకుంది. పాపం కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్న బిల్లీ అనే అమాయకుడి టికెట్టు, పాస్‌పోర్టు కొట్టేసి, అందులోని పేరు బట్టీపట్టి నేను పారిపోతున్నాననుకున్నాడు. పోలీసుని పిలిచాడు. పాస్‌పోర్టులో ఫొటో చూపించాను. అందులో నాకు కోరమీసం ఉంది. దోహా ఎండకి చిరాకేసి ఆ నెలే తీసేశాను.

"బిల్లీకి మీసం ఉంది," అన్నాడు పోలీసు.

చివరి ఆశగా మల్లయ్య వైపు తిరిగాను. "చెప్పవయ్యా, నేనే బిల్లీనని చెప్పు!"

పోలీసు కూడా అతన్నే అడిగాడు. "యే బిల్లీ హై?"

మల్లయ్య మంచివాడు. నేను చెప్పించిన సాక్ష్యం కడదాకా నిలబెట్టడమే స్నేహధర్మమనుకున్నాడు. "నహీ సాబ్! బిల్లీ చలాగయా! టాక్సీమే గయా!" అని గట్టిగా చెప్పి, నా వైపు చూసి కన్ను కొట్టాడు.

ఈ గొడవకి హ్యారీ దొర లేచి వచ్చాడు. నన్ను చూడగానే, "వీడా! పొద్దుటినుంచీ బిల్లీ కోసం వెతుకుతున్నది వీడే. నన్ను కూడా లేపాడు," అన్నాడు. దాంతో నా కథ సంపూర్ణమైంది.

విమానం ఎక్కడానికి పిలుపొచ్చింది. మల్లయ్య కంబళి మూట ఎత్తుకుని నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "మీ దయ సార్. ఆ బిల్లి రాకపోవుడే నా అదృష్టం. వాని కడుపు సల్లగుండ!"

కళ్ళముందే విమానం లేచింది. నా సీట్లో మల్లయ్యని పెట్టుకుని, సముద్రం మీదుగా బొంబాయి వైపు తిరిగింది.

పోలీసులు ఫోన్ చేస్తే శేషగిరి వచ్చాడు. సంగతంతా విని, ఒక స్తంభం పట్టుకుని, అలాగే కిందికి జారి కూర్చుని నవ్వాడు. వాడు నవ్వడం ఆపి "వీడు పిల్లే సర్, పుట్టుపిల్లి" అని హామీ ఇచ్చేదాకా నన్ను వదల్లేదు.

శనివారం మళ్ళీ వెళ్ళాను. ఈసారి మైకు అవసరం రాలేదు. మీసాలాయన దూరం నుంచే చూసి, కౌంటరు దాటి వచ్చి, రెండు చేతులతో నా చెయ్యి ఊపేశాడు. "బిల్లీ! హబీబీ! కడుపు ఎలా ఉంది?"

"ఓకే సర్," అన్నాను. ఇంకేం వాదించలేదు. సీటిచ్చాడు.

ఆదివారం రాత్రి పొద్దుపోయాక గూడెం చేరాను. అరిటాకులు అప్పటికే పెరట్లోకి వెళ్ళిపోయాయి. విమల పాపని తెచ్చి నా చేతుల్లో పెట్టింది. గుప్పెడంత మొహం. ముక్కు మా అమ్మది. నిద్రలోనే నా చొక్కా గుండీ పట్టుకుంది. నాకు దోహా, విమానం, పోలీసు అన్నీ మాయమైపోయాయి.

"లత అందామనుకున్నానే," అన్నాను నెమ్మదిగా.

"మీకోసం మధ్యాహ్నందాకా ఆగాం. పంతులుగారు ఇంక వెళ్ళిపోతానన్నారు. అమ్మ పెట్టేసింది," అంది విమల.

"ఏం పేరు?"

మా అత్తగారు గర్వంగా ముందుకొచ్చింది. "పద్మప్రియ పార్వతీప్రసన్న."

పిల్లి పద్మప్రియ పార్వతీప్రసన్న! దోహాలో ఆ మీసాలాయన చేతిలో మైకు, ఆయన నోట ఈ పేరు ఊహించుకుని, పాపని ఎత్తుకునే గోడకి చేరగిలబడిపోయాను.

ఆ రాత్రే దేవుడి పటం ముందు నిలబడి ఒక వ్రతం పట్టాను. ఇకమీదట ఏ విమానాశ్రయంలోనైనా సరే, ఏ మైకులోనైనా సరే, ఎవరి పేరు పిలిచినా ముందు లేచి చెయ్యెత్తుతాను. నేను కాకపోతే కూర్చోమంటారు, అంతే కదా. అంతేగానీ, ముక్కూమొహం తెలియని మనిషికి కడుపునొప్పి తెప్పించే పాపం మాత్రం ఈ జన్మలో మళ్ళీ చెయ్యను.