సిర్రాకు మడి, వసంత జడ

మూడు మళ్ళ ఆకుకూరతో ఒక మనిషి తన పెళ్ళాం పరువునూ, తన తలకాయనూ ఒకే దెబ్బకు ఎలా పోగొట్టుకోగలడో మీకెవరూ చెప్పి ఉండరు. ఆ ఘనకార్యం చేసింది, నాకు తెలిసినంతవరకు, ఈ భూమ్మీద నేనొక్కడినే. పాతికేళ్ళుగా మా బంధువుల్లో ఈ కథ తలకిందులుగా తిరుగుతోంది. అందులో నేను పెళ్ళాం కోసం త్యాగం చేసిన మహానుభావుణ్ణి, నా భార్య వసంత శుభ్రత తెలియని మనిషి. మొన్న మా తమ్ముడి కూతురి పెళ్ళిలో ఎవరి విస్తట్లోనో వడలో వెంట్రుక వస్తే, "వసంత పెద్దమ్మ గాని వంటింట్లోకి పోయిందా ఏంది?" అందొక పిల్ల. అందరూ నవ్వారు. వసంత కూడా నవ్వింది. నాకు మాత్రం వడ గొంతులో అడ్డంపడింది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

డెబ్బై ఎనిమిదో, తొమ్మిదో. తిరుపతిలో గుమాస్తా ఉద్యోగం, బైరాగిపట్టెడలో బాడుగ ఇల్లు, పెళ్ళయి మూడు నెలలు. ఇంటి వెనక నాలుగు మంచాలు పట్టేంత ఖాళీ జాగా. దాన్ని చూసినప్పుడల్లా మా నాయన గుర్తొచ్చేవాడు. ఆయన పలమనేరు దగ్గర పల్లెలో చెనిక్కాయ, అదే వేరుశనగ, టమోటా పండించే రైతు. నేను పార పట్టిన ప్రతిసారీ నా చేతులకేసి చూసి, "ఇవి చేతులు కాదురా, పెన్నులు పెట్టుకునే స్టాండ్లు" అనేవాడు. ఆ మాట నా గుండెలో ముల్లులా ఉండిపోయింది.

అందుకని ముందు నాయనకు ఉత్తరం రాశాను: 'పెరట్లో తోట వేశాను. రెండు నెలల తర్వాత అమ్మా నువ్వూ వస్తే మా తోట ఆకుకూరతోనే భోజనం.' ఉత్తరం డబ్బాలో వేసి వచ్చాక, పారను ఎక్కడ అద్దెకిస్తారో కనుక్కోవడానికి బయలుదేరాను.

నేల గురించి ఏం చెప్పమంటారు! గడ్డపార వేస్తే ఠంగుమని మోగి, తిరిగి నా భుజం మీదికే వచ్చేది. నాలుగు రోజులు తవ్వితే చేతులకు ఎనిమిది బొబ్బలు, నేలకు నాలుగు గీతలు. ఆదివారం ఆఫీసు స్కేలు, పురికొస తెచ్చి మళ్ళకు కొలతలు వేశాను. వసంత గడప మీద కూచుని చెనిక్కాయలు ఒలుస్తూ చూస్తోంది.

"మడి కడతా ఉండావా, దస్తావేజు రాస్తా ఉండావా?" అంది.

"వరస తప్పకూడదు" అన్నాను గంభీరంగా.

"ఆ పేడ పచ్చిగా ఉండాది. మాగనీ. ఇప్పుడే ఏస్తే మొలక మాడిపోతాది."

"నాకు తెలీదా? రైతు బిడ్డను."

మొదటి విడత మొలకలు మాడిపోయాయి. రెండో విడత సిర్రాకు విత్తనాలు చల్లాను. సిర్రాకు మా వైపు పేదవాడికీ పెద్దవాడికీ ఇష్టమైన ఆకుకూర. విత్తనం గసగసాలంత ఉంటుంది కాబట్టి ఇసకలో కలిపి చల్లాలి. నేను కలపలేదు. పిడికిలి తెరిచేసరికి గాలి ఒక విసురు విసిరింది. రెండు మళ్ళల్లో ఒక్కటీ పడలేదు, మూడో మడి మూలన మాత్రం చాపలాగా మొలిచింది. వసంతే కొంగు దోపుకుని దిగి, ఆ చాపను విడదీసి మూడు మళ్ళలోనూ నాటింది. ఆ సంగతి మా నాయనకు రాసిన రెండో ఉత్తరంలో లేదు.

ఆకు జానెడు ఎదిగింది. అంతలో పందులు దిగాయి. ఆ రోజుల్లో మా వీధిలో మనుషులకంటే అవే ధీమాగా తిరిగేవి. కంచెకు కట్టిన ముళ్ళకంపను తెర తొలగించినట్టు తొలగించి, ఒక్క ఉదయంలో అర మడి దున్నేశాయి. నేను నాలుగు రోజులు తవ్వలేనిది అవి పది నిమిషాల్లో తవ్వాయి.

నాయన రావడానికి ఇంకా పది రోజులే. బుర్ర బద్దలుకొట్టుకుంటే ఊళ్ళో ఉపాయం గుర్తొచ్చింది. మా వైపు చెనిక్కాయ చేనికి అడవిపందులు రాకుండా గట్ల వెంబడి మనుషుల వెంట్రుకలు చల్లుతారు. పంది మూతితో నేలను వాసన చూసుకుంటూ వస్తుంది కదా, ముక్కులోకి వెంట్రుక పోతే తుమ్ముకుంటూ వెనక్కి తిరుగుతుందని చెబుతారు. వెంట్రుకలకు తిరుపతిలో కరువా అని మీరు తొందరపడకండి. కొండమీది జుట్టు దేవుడిది, దాని జోలికి పోయేంత మూర్ఖుణ్ణి కాను. మా వీధి చివర దొరసామి కటింగు షాపు ఉంది.

"జుట్టు కావాల్నా? ఏం సామీ, దిండులో కూరేదానికా?" అన్నాడు దొరసామి.

"తోటకు."

అతను కత్తెర ఆపి నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. "సామీ, నీ తలకాయ బాగుండాది గదా?"

"జుట్టు ఇస్తావా, లేదా?"

"ఇస్తా, ఇస్తా. ఊడ్చి పారేసేది నువ్వే ఎత్తుకోని పోతే నాకేం నష్టం!"

వారం రోజుల జుట్టు గోనెసంచి నిండా తెచ్చాను. ఇక్కడే నా అతితెలివి నా కొంప ముంచింది. మా నాయన చల్లేది గట్టు మీద, చేనుకు బయట. పైగా చెనిక్కాయ నేలలో ఉంటుంది, దానికి ఏదీ అంటదు. నేను మాత్రం గట్టు మీద కొంచెం చల్లితే ఇంత ఫలితం ఉన్నప్పుడు, మడి నిండా చల్లితే ఎంత ఉండాలి అని లెక్క వేశాను. ఆఫీసుకు పోయేముందు, వసంత బోరింగు దగ్గర ఉన్నప్పుడు, పాయసంలో జీడిపప్పు చల్లినట్టు ఆకుల మీద, ఆకుల మధ్య, మొదళ్ళలో, సంచి ఖాళీ అయ్యేదాకా చల్లాను. పైన నీళ్ళు కూడా చల్లాను, గాలికి ఎగిరిపోకుండా. వాటిమీద ఆకులు గుబురుగా కమ్ముకున్నాయి. పంది ఒక్కటి రాలేదు. నేను మీసం లేకపోయినా మెలేసుకున్నాను.

అమ్మా నాయనా వచ్చారు. నాయన చేతిసంచి కింద పెట్టకుండానే పెరట్లోకి నడిచాడు. మడి ముందు నిలబడి, ఒక ఆకు తుంచి, వేళ్ళతో నలిపి వాసన చూశాడు.

"ఫరవాలేదురా" అన్నాడు. "ఆకు బాగుండాది."

పాతికేళ్ళ వయసులో మా నాయన నోటి నుంచి నాకు దొరికిన మొదటి మెచ్చుకోలు అది. ఆ క్షణంలో ఆయన అడిగితే చొక్కా విప్పి ఇచ్చేవాణ్ణి. వసంత ఆకు కోసి, నాలుగు నీళ్ళు కడిగి, కందిపప్పుతో ఉడకేసి, ఎండుమిరపకాయలు, తెల్లగడ్డలు వేసి పప్పుగుత్తితో ఎనిపింది. పక్కన రాగిసంగటి. అందరం వరసగా కూచున్నాం.

నాయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు. రెండు వేళ్ళతో ఏదో లాగాడు. నల్లటి వెంట్రుక.

అమ్మ వసంత వైపు చూసింది. "మే, కొప్పు గట్టిగా ముడేసుకోని వండకూడదా?"

వసంత బిత్తరపోయి కొప్పు తడుముకుంది. "ముడేసుకునే ఉండా గదత్తా!"

రెండో ముద్దలో అమ్మకే దొరికింది. అంగుళం పొడుగు, నెరిసినది.

"ఇది నీదే" అన్నాడు నాయన.

"నాది జానెడుండాది, ఇది సూడు ఎంతుండాదో! నీదేమో!"

"నా తల మింద నాలుగుండాయి. నాలుగూ ఉండాయి, లెక్క పెట్టుకో."

మూడోది ఉంగరాలు తిరిగింది. నాలుగోది గోరింటాకు పండిన రంగు. ఆ పప్పులో మా వీధి మొత్తం ఉంది. బుద్ధి ఉన్నవాడెవడైనా ఇది ఒక మనిషి జుట్టు కాదని చెప్పేస్తాడు. నేను చెప్పాల్సిందీ అదే. కానీ 'ఫరవాలేదురా' ఇంకా చెవుల్లో తీయగా మోగుతోంది. నోరు తెరిచాను. దాంట్లోంచి వచ్చిన మాట ఇది:

"వసంతకు ఈ మధ్య జుట్టు రాలతా ఉండాదిమా."

వసంత నన్ను చూసిన చూపుకు సంగటి చేతిలోనే చల్లారిపోయింది.

"రాలతా ఉండాదా!" అమ్మ ఎంగిలి చేత్తోనే గుండెలు పట్టుకుంది. "పెండ్లయి ఆర్నెల్లు కాలేదే! మోకాళ్ళ దాకా ఉండే జుట్టు! రంగు మారి, ఉంగరాలు తిరిగి రాలతా ఉందంటే ఏం జబ్బో ఏమో!" అని లేచి, చెయ్యి కడుక్కుని, పెరటి వాకిట్లో కొండ వైపు తిరిగి దండం పెట్టింది. "సామీ ఏడుకొండలవాడా! నా కోడలి జుట్టు రాలకుండా నిలబెట్టు నాయనా, ఆ జుట్టంతా నీకే ఇప్పిస్తా!"

రాలకుండా ఆపితే మొత్తం గొరిగి ఇస్తాననే ఈ బేరంలో తిరకాసు ఎవరికీ కనబడలేదు. మా ఇళ్ళలో మొక్కు నోరు దాటిందంటే మళ్ళీ లోపలికి పోదు.

"ఎట్లా తిరుపతిలోనే ఉండాము గదా" అన్నాడు నాయన. "రేపు పొద్దున్నే కొండకు పోయి ఇచ్చేసొద్దాం."

ఆ సాయంత్రం వసంత కళ్ళు తుడుచుకుంటూ పెరట్లోకి పోయింది. కాసేపటికి నన్ను పిలిచింది. మడిలో ఆకులు పక్కకు తీసి కూచుని ఉంది. చేతిలో గుప్పెడు జుట్టు.

"ఇదంతా నా తలదేనా?" అంది.

చెప్పేశాను. దొరసామి, గోనెసంచి, పందులు, అన్నీ.

"పో. పోయి మామకు చెప్పు."

"వసంతా, నాయన ఇప్పుడే గదా బాగుందన్నాడు…"

"మీ నాయన మెచ్చుకోలుకు నా జడ ఇయ్యాల్నా?" చేతిలోని జుట్టును మడిలోకి విసిరికొట్టింది. "నేను చెప్పేదెంతసేపు? కానీ నేను చెప్తే కొత్త కోడలు మొగుడి మింద సాడీలు చెప్తా ఉందంటారు. నువ్వే చెప్పాల."

"చెప్తా. నీ జడ మాత్రం పోనియ్యను."

మర్నాడు కొండ మీద కల్యాణకట్ట ముందు నాయన, అమ్మ, జడ ముందుకు వేసుకుని రెండు చేతులా పట్టుకున్న వసంత. నిజం చెప్పడానికి నోరు తెరిచాను. నాయన ముఖం చూశాను. నోరు మళ్ళీ మోసం చేసింది.

"అమ్మా, ఆలుమగలు ఒకటే గదా. ఆమె మొక్కు నేను తీరుస్తా" అని గబగబా వెళ్ళి కత్తి ముందు కూచున్నాను.

అమ్మ బొటబొటా ఏడ్చింది. "నా బిడ్డ బంగారురా! పెండ్లాం కోసం తలకాయే ఇచ్చినాడు!" ఆ మాట వారంలో పలమనేరు చేరి, నెలలో చిత్తూరు దాటింది.

మొదటి పాయ కింద పడగానే వసంత వంగి నా చెవిలో అంది: "దీన్ని గూడా మూట కట్టిద్దామా? సిర్రాకుకు బాగుంటాది."

జడ మిగిలింది. చెడ్డపేరూ మిగిలింది. 'నువ్వే చెప్పాల' అన్న మాటకు కట్టుబడి ఆమె పాతికేళ్ళు నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు. ఆమెది ఓర్పు, నాది పిరికితనం. నాయన పోయేదాకా నన్ను 'తోట వేసినోడు' అనే చెప్పుకున్నాడు.

మొన్న పెళ్ళిలో వడ మింగుడుపడక, లేచి వెళ్ళి అమ్మ ముందు కూచున్నాను. "అమ్మా, ఆ వెంట్రుకలు వసంతవి కావు. కటింగు షాపువి. పందులకని నేనే చల్లినా."

అమ్మ నా బుగ్గలు పుణికింది. "ఇన్నేండ్లయినా పెండ్లాం మింద మాట పడనియ్యవు గదరా! ఎంత మంచోడివిరా!"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. నా త్యాగం ఇంకో మెట్టు ఎక్కింది.

"నోటితో చెప్తే నమ్మరులే, రాయి" అంది వసంత ఇంటికొచ్చాక. రాసి, మొదట ఆమెకే ఇచ్చాను. కళ్ళద్దాలు పెట్టుకుని నిదానంగా చదివింది. తిరిగిస్తుంటే కాగితం మీద ఒక నెరిసిన పొడుగాటి వెంట్రుక కనబడింది. వేలికి చుట్టి తీసుకుంది.

"ఇది మాత్రం నాదే. అదీ రాసుకో" అంది.

రాశాను. ఇక ఏడుకొండల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: బతికున్నంతకాలం కుండీలో కొత్తిమీర కూడా వెయ్యను, పందికి అడ్డం రాను, భార్య జుట్టు గురించి నోరెత్తను. మా బంధువులందరికీ ఒకటే మనవి. ఇకమీదట ఏ ఇంట్లో, ఏ పప్పులో వెంట్రుక వచ్చినా ముందు నన్నే అనుమానించండి. కాకపోతే ఆనాడు కొండమీద ఇచ్చిన జుట్టు చెవుల పక్కన తప్ప మళ్ళీ మొలవలేదు. ఈ నున్నటి తలను చూసి నన్ను అనుమానించే మనిషి ఎక్కడ దొరుకుతాడా అన్నదే ఇప్పుడు నా బెంగ.