మునుగుడుకోడి కాళ్లకు కట్టు

మా మామయ్య పశువుల ఆసుపత్రిలో కట్లు కట్టేవాడు. డాక్టరు కాదు, కాంపౌండరూ కాదు. విరిగిన ఎముకకు రెండు పక్కలా పుల్లలు పెట్టి, దూది చుట్టి, గుడ్డ బిగించడమే ఆయన పని. కుక్కలు, మేకలు, పిల్లులు, ఒకసారి ఒక కోతి కూడా ఆయన కట్టిన కట్టుతోనే మళ్లీ నడిచాయి. వంకర అన్నది కంటపడితే ఆయన చెయ్యి ఊరుకోదు. మా ఇంటికి వస్తే గోడమీద పటాలు సరిచేశాకే కూర్చుంటాడు.

ఆయన సరిచేసినవాటిలో మొదటిది మా వదిన, అంటే ఆయన ఒక్కగానొక్క కూతురు. పలక పట్టిన కొత్తలో ఎడమచేత్తో రాస్తోందని, ఆ చేతికి దూది పెట్టి మెత్తగా కట్టు కట్టేశాడు. కొట్టలేదు, తిట్టలేదు. పొద్దున కట్టడం, సాయంత్రం విప్పడం, అంతే. చివరికి వదిన కుడిచేత్తో రాసింది. "నా మొదటి కేసు ఇదే. కుక్కలకంటే తొందరగా దారికొచ్చింది" అని ఇంటికొచ్చిన వాళ్లందరికీ వదిన ముందే చెప్పేవాడు. వదిన నవ్వేది. నాకు మాత్రం ఆ మాట ఎప్పుడూ మింగుడుపడలేదు.

వదిన తన పెళ్లి మాట ఎవరినీ ఎత్తనివ్వలేదు. ముందుగదిలో మిషన్ పెట్టుకుని స్కూలు యూనిఫారాలు కుట్టేది. మామయ్య పొద్దున ఆసుపత్రికి వెళ్లగానే, గుడ్డల మడతల కింద దాచిన ఎడమచేతి కత్తెర బయటికొచ్చేది. అది చేతిలో ఉంటే గీత మీంచి ఒక్క దారప్పోగు కూడా తప్పేది కాదు. సాయంత్రం వీధి మలుపులో స్కూటరు చప్పుడు వినబడగానే అది లోపలికి పోయి, మామూలు కత్తెర కుడిచేతిలోకి వచ్చేది. నలభయ్యేళ్లొచ్చాక ఇంకా ఈ భయమేమిటని ఒకసారి అడిగాను. "భయం కాదే. ఆయన అంత మురిసిపోతుంటే ఎందుకులే అని" అంది.

మామయ్య రిటైరవడంతో ఆమెకు కష్టాలు మొదలయ్యాయి. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని ఆయన రోజంతా ముందుగదిలోనే కూర్చునేవాడు. వదిన రోజంతా కుడిచేత్తోనే కత్తిరించాల్సి వచ్చేది. కాలర్లకు ఒక కొన పైకి, ఒక కొన కిందికి పోయేవి. మళ్లీ ఇలాగే వస్తే ఆర్డరు ఇంకొకరికి ఇస్తానని స్కూలు పెద్దమేడం మొహంమీదే చెప్పేసింది. ఆ ఒక్క ఆర్డరు మీదే ఆమె కుట్టుపని నడుస్తోంది. మామయ్యేమో, "నీకు ఈమధ్య పనిమీద మనసు లేదమ్మా" అని తల ఊపేవాడు. వదిన ఆ కాలరు విప్పి మళ్లీ కుట్టేది.

ఒకరోజు తెల్లవారుజామున పెద్ద వాన కురిసి వెలిసింది. పాలతను బుట్టలో ఒక పిట్టను తెచ్చి మామయ్య ముందు పెట్టాడు. "మెయిన్ రోడ్డుమీద పడుంది సార్. ఎగరదు, లేవదు." గుప్పెడంత ఒళ్లు, గోధుమరంగు ఈకలు, తోక ఉండాల్సిన చోట కాస్తంత దూది అంటించినట్టు ఉందంతే. నిలబెడితే రొమ్ముమీద ముందుకు బోర్లాపడేది.

మామయ్యకు ప్రాణం లేచొచ్చింది. "బాతుపిల్ల. రెండు కాళ్లూ కీలు తప్పి వెనక్కి పోయాయి, చూడు. తోక దగ్గర మొలిచినట్టున్నాయి" అన్నాడు. అగ్గిపుల్లలు, దూది, సన్నటి గుడ్డ తెప్పించి, కాళ్లు ముందుకు లాగి కట్టు కట్టాడు. పని మాత్రం ముచ్చటగా ఉంది. అంత చిన్న కట్టు కట్టడం ఆయన తరమే.

పిట్ట మాత్రం ఆయన మాట వినలేదు. నానబెట్టిన గింజలు పెడితే మొహం తిప్పుకుంది. మర్నాటికి తన రొమ్ము ఈకలు తానే పీక్కుని మింగడం మొదలుపెట్టింది. నొప్పికి పిచ్చెత్తిందని మామయ్య తేల్చేశాడు. మెడ చుట్టూ అట్ట కాలరు వేస్తే ఈకలు అందవని వదిన చేత ఒకటి కత్తిరింపించాడు. అది కూడా వంకరే వచ్చింది. "దీనికీ అదేనా?" అని విసుక్కున్నాడు. ఆ మాటకు వదిన మొహం చిన్నబోయింది.

సాయంత్రానికి పిట్ట మెడ వాల్చేసింది. ఇంకో పూట గడిచేట్టు లేదు. వదిన దాన్ని ఒళ్లోకి తీసుకుని కట్టు కింద పాదాలు చూసింది. గుడ్డలు కత్తిరించే మనిషి కదా, ఆకారాలు ముందు ఆమె కంటికే ఆనుతాయి. "బాతుకి వేళ్లమధ్య ఒకటే చర్మం ఉంటుంది కదా. దీనికి ఏ వేలికావేలికి విడివిడిగా రేకుల్లా ఉన్నాయి. ముక్కు కూడా చదునుగా లేదు, మొనదేలి ఉంది" అని నాకు ఫోన్ చేసి చెప్పింది. నేను పనిచేసేది లైబ్రరీలో. పక్షుల పుస్తకం పట్టుకుని వెళ్లాను.

బొమ్మ చూడగానే తెలిసిపోయింది. మునుగుడుకోడి. పైకి చదివాను. నీళ్లలో మునిగి చేపల్ని వేటాడే పిట్ట. వెనక నుంచి నీళ్లను తన్నుకుంటూ పోవాలి కనక దాని కాళ్లు ఒంటికి చివర్లో ఉంటాయి. నేలమీద సరిగా నడవలేదు. నీళ్లమీద పరుగెత్తితేనే గాలిలోకి లేస్తుంది. రాత్రిపూట ఎగురుతూ, తడిసి మెరిసే రోడ్డును చెరువనుకుని దిగి, మళ్లీ లేవలేక చిక్కుకుపోతుంది. ఈకలు మింగడం దాని అలవాటు. చేపముళ్లు లోపల గుచ్చుకోకుండా అవి అడ్డుపడతాయట.

మామయ్య మొహం మాడ్చుకున్నాడు. "రాసినవాడికేం, కూర్చుని రాస్తాడు. దీన్ని నిలబెట్టి చూశాడా? పడిపోతుంటే నా కళ్లతో చూశాను."

వదిన పిట్టను ఒళ్లోంచి దించలేదు. "దాన్ని నిలబడమన్నది మనమే కదా నాన్నా" అంది. గొంతు పెంచలేదు. "దాని కాళ్లు వంకర కాదేమో. అవి అంతేనేమో."

మామయ్య వంగి పిట్ట కాళ్లను వేళ్లతో తడిమి చూశాడు. తర్వాత కళ్లజోడు పెట్టుకుని తానే కట్లు విప్పాడు, అట్ట కాలరు తీశాడు. పెరట్లో బట్టలు నానబెట్టే సిమెంటు తొట్టి ఉంది. పిట్టను తెచ్చి నీళ్లలో వదిలాడు. అది ఒక్క క్షణం తేలి, బుడుంగున మునిగింది. ఎంతకీ పైకి రాలేదు. చంపేశామనుకున్నాను. మామయ్య చొక్కా చేతులు పైకి లాక్కుంటుంటే, అది తొట్టి అవతలి మూల తేలి, తల విదిలించుకుని, మళ్లీ మునిగింది. లోపల ఆ కాళ్లు రెండూ వెనక నుంచి తన్నుతుంటే ఎంత చురుగ్గా పోతోందో! అంతవరకూ కుంటిదనుకున్న పిట్ట అదేనంటే నమ్మబుద్ధి కాలేదు.

వెలుగుండగానే ఊరిబయట చెరువుకు తీసుకెళ్లి వదిలేశాం.

ఆ రాత్రి నేను అక్కడే ఉండిపోయాను. పొద్దున ఆయన సానరాయి ముందేసుకుని కూర్చున్నాడు. వదిన కత్తెరకు సానపట్టడం ఎప్పుడూ ఆయన పనే. పట్టి ఇచ్చాడు. వదిన కుడిచేత్తో అందుకుంది. ఆయన చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"ఆ రెండోది కూడా ఇలా తే."

"ఏ రెండోది నాన్నా?"

"ఆ మడతల కిందది. వాడక చాలా రోజులైంది కదా, మొద్దుబారి ఉంటుంది."

వదిన నాకేసి చూసింది. నేను చెప్పలేదన్నట్టు తల అడ్డంగా ఊపాను. ఎప్పటినుంచి తెలుసో ఆయనా చెప్పలేదు, మేమూ అడగలేదు. వదిన తెచ్చి ఇచ్చింది. మామయ్య అలవాటు కొద్దీ దాన్ని రాయిమీద పెట్టబోయి, ఆగి, తిరగేశాడు.

"దీని అంచు ఇటుందన్నమాట" అని గొణుక్కున్నాడు. నిదానంగా సానపట్టి, గుడ్డతో తుడిచి, బల్లమీద వదినకు ఎడమవైపు పెట్టాడు. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"కత్తిరించమ్మా, చూస్తాను" అన్నాడు.

వదిన కుడిచేత్తో కళ్లు తుడుచుకుని, ఎడమచేత్తో కత్తెర అందుకుంది.