మూడో గేమ్‌లో పక్కకి తప్పుకున్న కెప్టెన్

గత నెల ఒక మంగళవారం పొద్దున విస్సన్నపేటలో, నేను పనిచేసే ల్యాబులో, ఒక పెద్దాయన చేతికి రబ్బరు పట్టీ కడుతుంటే ఫోను మోగింది. తిరువూరు నుంచి నాతో చదువుకున్న స్నేహితురాలు. రెండోసారి మోగినా తీయలేదు. రక్తం తీసి, సీసాకి పేరు అంటించి, పెద్దాయన్ని బయట కూర్చోమన్నాక నేనే చేశాను. మా పీఈటీ మేడం తెల్లవారుజామున పోయారని, మూడింటికి చర్చి నుంచి సమాధుల తోటకి తీసుకెళ్తారని చెప్పింది. వస్తానన్నాను. బయట ఇంకా కొంతమంది ఉన్నారు. వాళ్ల పని పూర్తిచేసి, సెలవు చీటీ రాసిచ్చి, తిరువూరు ఆటో ఎక్కాను.

దారిలో నాకు ఏడుపు రాలేదు. ఆవిడ జబ్బు సంగతి అందరికన్నా ముందు తెలిసింది నాకే కాబట్టి అయ్యుండొచ్చు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

తిరువూరులో ఆడపిల్లల హైస్కూల్లో రిటైరయ్యేదాకా ఆటలు నేర్పిన టీచరు ఆవిడ. అంతకుముందు బాల్ బ్యాడ్మింటన్‌లో రాష్ట్ర మహిళల జట్టుకి కెప్టెన్. జాతీయ పోటీల్లో కప్పు గెలిచిన జట్టుకి కెప్టెన్. టీచరని ఊరందరికీ తెలుసు, కెప్టెన్ అని తెలిసినవాళ్లు తక్కువ. ఈ ఆట టీవీలో రాదు. పసుపుపచ్చ ఉన్ని బంతి, మట్టి కోర్టు, నెట్టుకి అటు ఐదుగురు ఇటు ఐదుగురు. గెలిచిన మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో రెండు లైన్లు వస్తాయి, అంతే.

ఆవిడది ఎ.కొండూరు పక్కన చిన్న పల్లె. అమ్మానాన్నలు మామిడి తోటల్లో కూలికి వెళ్లేవాళ్లు. తిరువూరులో హాస్టల్లో ఉండి చదువుకున్నారు. హాస్టల్ గోడ పక్కనే ఖాళీ స్థలంలో ఆఫీసుల వాళ్లు డ్యూటీ దిగాక బాల్ బ్యాడ్మింటన్ ఆడేవాళ్లట. ఒకరోజు ఐదో మనిషి రాలేదు. గోడెక్కి చూస్తున్న ఈవిడని, ఊరికే నిలబడమ్మా చాలు అని పిలిచారు. నిలబడటానికి వెళ్లిన పిల్ల వారం తిరిగేసరికి వాళ్లలో ఒకాయన చోటు పట్టేసింది. ఆయన మాత్రం కోపగించుకోకుండా తన పాత రాకెట్టు ఇచ్చి, జిల్లా సెలక్షన్లకి వెంటబెట్టుకుని తీసుకెళ్లాడు. ఈ కథ ఆవిడ మాకు చాలాసార్లు చెప్పారు. చెప్పిన ప్రతిసారీ ఆయన గురించి ఎక్కువ, తన గురించి తక్కువ.

నేను ఏడో తరగతిలో ఆవిడ చేతికి దొరికాను. ముతక చీర, కాళ్లకి తెల్ల క్యాన్వాస్ బూట్లు, కొంగు నడుముకి బిగించి ఉండేది. మెడలో విజిల్ ఉండేది గానీ ఊదడం చాలా తక్కువ. పొద్దున ఆరింటికి మేం వెళ్లేసరికి కోర్టుకి నీళ్లు చల్లేసి ఉండేవి. ఆ పని మాకు చెప్పేవారు కాదు. ఎక్కడ ఎంత చల్లాలో మీకు తెలీదు, బురద చేస్తారు అనేవారు. అల్లిక ఊడిన రాకెట్లు ఇంటికి పట్టుకెళ్లి, రాత్రి అన్నాలయ్యాక ఆర్టీసీలో కండక్టర్‌గా చేసే వాళ్లాయనా ఆవిడా ఎదురెదురుగా కూర్చుని తీగలు బిగించేవాళ్లు. ఆయనకి ఆట రాదు. బిగించడం మాత్రం ఆవిడకన్నా బాగా వచ్చు.

పొగడ్త ఆవిడ నోట వచ్చేది కాదు. బాగా కొడితే "ఆఁ, ఇంకోటి" అనేవారు. ఓడిపోయిన రోజున మేం కోర్టులోనే కూలబడి ఏడుస్తుంటే, "ఏడవండమ్మా, వద్దన్లేదు. నెట్టు విప్పి మడతపెట్టాక ఏడవండి" అన్నారు. మేం ఆ నెట్టు మడతపెట్టేసరికి సగం ఏడుపు పోయింది.

పదో తరగతిలో నూజివీడులో జరిగిన పోటీల్లో మేం ఫైనల్‌కి వెళ్లాం. నేను కెప్టెన్‌ని, సెంటర్‌లో ఆడేదాన్ని. మొదటి గేమ్ మాది, రెండోది వాళ్లది. మూడో గేమ్‌లో ముందు నిలబడ్డ మా పిల్ల, తొమ్మిదో తరగతి పిల్ల, వరసగా మూడు బంతులు వదిలేసింది. నేను అరిచాను. నాలుగోది కూడా పోయింది, ఇంకా గట్టిగా అరిచాను. మేడం లేచి అంపైరుకి చెయ్యి చూపించి నన్ను బయటికి పిలిచారు. వదిలేసిన పిల్లని కాదు, నన్ను. మా ఊరి నుంచి చూడ్డానికొచ్చినవాళ్లందరి ముందూ వచ్చి చాప మీద కూర్చున్నాను. నా బదులు దిగిన పిల్ల బాగానే ఆడింది గానీ మ్యాచ్ పోయింది.

తిరుగు బస్సులో ఆవిడ పక్కన సీటు ఖాళీగా ఉన్నా నేను నిలబడే వచ్చాను. పది రోజులు గ్రౌండుకి వెళ్లలేదు. స్కూల్లో ఎదురైతే తల తిప్పుకున్నాను. పదకొండో రోజు సాయంత్రం ఆవిడే మా ఇంటికొచ్చారు. మా అమ్మతో కూర్చుని టీ తాగారు, గేదె ఈనిందా అని అడిగారు, దూడని చూశారు. నేను గుమ్మం వెనకాలే ఉన్నాను. వెళ్లేముందు నా వైపు తిరిగి చెప్పారు.

"నిన్ను తీసేశాక ఓడిపోయాం. తప్పు నాదే అయ్యుండొచ్చు. కానీ ఆ పిల్ల బంతి వైపు చూడ్డం మానేసి నీ వైపు చూస్తా ఆడుతోంది. రేపు ఆరింటికి రా."

మర్నాడు వెళ్లాను. నాతో ఒక టీచరు తప్పు నాదే అయ్యుండొచ్చు అనడం అదే మొదలు. అయినా కోపం పూర్తిగా పోలేదని ఇప్పుడు ఒప్పుకోవాలి. కాలేజీకి వెళ్లాక కూడా ఎవరైనా ఆటల గురించి అడిగితే నూజివీడు గుర్తొచ్చి మాట మార్చేదాన్ని. ఆట కూడా అక్కడితో వదిలేశాను. వదలడానికి కారణం అది కాదు, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేరాక తీరిక దొరకలేదు. కానీ కారణం అదేనని కొన్నాళ్లు నాకు నేనే చెప్పుకున్నాను.

నాలుగేళ్ల కిందట ఆవిడ మా ల్యాబుకి వచ్చారు. అప్పటికి రిటైరయ్యారు, అయినా పొద్దున గ్రౌండుకి వెళ్లడం మానలేదు. కాళ్లు వాస్తున్నాయని డాక్టరు రక్తపరీక్ష రాశాడు. నేనే తీశాను. రిజల్టు చూసి ఇంకోసారి చేశాను, అంతే వచ్చింది. కిడ్నీల జబ్బు మా ఎ.కొండూరు వైపు కొత్తది కాదు, ఆ అంకె అర్థమేంటో నాకు తెలుసు. కాగితం కవరులో పెట్టి, డాక్టరుగారికి చూపించండి మేడం అన్నాను.

"స్కోరెంత?" అన్నారు.

డాక్టరుగారే చెబుతారన్నాను.

"అంపైరు నోరు విప్పకపోతే ఎట్టమ్మా" అన్నారు, నవ్వకుండా.

చెప్పాను. ఆవిడ తలూపి, కవరు చేతిసంచిలో పెట్టుకుని, ఏ బస్సుకి వెళ్తే విజయవాడ ఆసుపత్రికి పొద్దున్నే చేరొచ్చో అడిగారు. తర్వాత వారానికి రెండుసార్లు డయాలసిస్ మొదలైంది. మిగతా రోజుల్లో గ్రౌండులో కుర్చీ వేసుకుని కూర్చునేవారు. నీళ్లు వాళ్లాయన చల్లేవాడు. ఎక్కడ ఎంత చల్లాలో కుర్చీలోంచి చెబుతుండేవారు.

ఆ రోజు చర్చి నిండిపోయింది. మూడింటికన్నవాళ్లు నాలుగైనా కదల్లేదు, అల్లూరి సీతారామరాజు జిల్లాలో పనిచేసే కొడుకు ఇంకా దారిలోనే ఉన్నాడు. బయట అరుగు మీద చోటు దొరికి కూర్చున్నాను. పక్కన ఒకావిడ, యాభై దాటి ఉంటాయి, రాజమండ్రి నుంచి వచ్చానంది. నువ్వు ఆవిడ స్టూడెంటువా అని అడిగింది. అవునండి, సెంటర్ ఆడేదాన్ని అన్నాను. తను మేడంతో కలిసి రాష్ట్రం జట్టులో ఆడానని చెప్పింది. ఆ జాతీయ ఫైనల్ గురించి నాకు పూర్తిగా తెలిసింది ఆ అరుగు మీదే.

పోటీలు ఉత్తరాదిలో, చలికాలం. వేళ్లు కొంకర్లు పోయేవట. అంతకుముందు ఏళ్లలో రెండుసార్లు సెమీఫైనల్లో ఓడించిన జట్టే ఫైనల్లో ఎదురైంది. మొదటి గేమ్ గెలిచారు. రెండో గేమ్ మధ్యలో మేడం భుజం పట్టేసింది. ఎవరికీ చెప్పలేదు, కానీ బంతి నెట్టు దాటడం లేదు. ఆ గేమ్ పోయింది. మూడో గేమ్‌కి ముందు కోచ్ ఏదో చెప్పబోతుంటే మేడమే అడ్డుపడి, నేను దిగను, ఈ పిల్లని దించండి అని ఈవిడ్ని చూపించారు. ఈవిడకి అప్పటికి పదిహేడేళ్లు. ఆ పోటీల్లో అప్పటిదాకా ఒక్క పాయింటు కూడా ఆడలేదు. కోచ్ వద్దన్నాడు, కెప్టెన్ లేకుండా ఫైనల్ ఏంటన్నాడు. మేడం వినలేదు.

"నా చెయ్యి పట్టుకుని ఒకటే చెప్పింది అక్క. 'ఆడేటప్పుడు నా వైపు చూడకు. చూశావంటే నిన్నూ తీసేస్తా.' నేను చూడలేదమ్మా. గెలిచాక చూశాను."

గెలిచారు. కప్పు మేడమే అందుకున్నారు, ఎడంచేత్తో. రైల్లో రెండు రోజుల ప్రయాణం. మిగతావాళ్లు పాటలు పాడుతుంటే మేడం కిటికీ వైపు తిరిగి కూర్చుని, ఈవిడతో ఒక్క మాట మాట్లాడలేదు. ఈవిడకి భయం వేసింది, ఏం తప్పు చేశానా అని. విజయవాడలో దిగాక సామాన్ల దగ్గర ధైర్యం చేసి అడిగింది, నామీద కోపమా అక్కా అని.

"కోపం కాదే. కుళ్లు. నాలుగు రోజుల్లో తగ్గుతుందిలే, నువ్వేం పట్టించుకోకు."

ఆ మరుసటి ఏడు సెలక్షన్లకి మేడం వెళ్లారు. భుజం బాగైంది, అందరికన్నా బాగా ఆడారు. జాబితాలో పేరు లేదు. అడిగితే సెలక్టర్లలో ఒకాయన, మీరే తప్పుకున్నారు కదమ్మా, ఇక మేం చేసేదేముంది అన్నాడట. మేడం ఇంటికొచ్చి ఆటల టీచరు ట్రైనింగుకి దరఖాస్తు పెట్టారు. కెప్టెన్సీ తర్వాత కొన్నాళ్లకి ఈవిడకే వచ్చింది. ఆ రోజు మేడం నుంచి కార్డు వచ్చిందట. ఏం రాశారని అడిగాను. "నాలుగు రోజులన్నాను, రెండేళ్లు పట్టింది. ఇప్పుడు తగ్గింది. బాగా ఆడు" అని రాశారంది.

నూజివీడు సంగతి నేను ఈ రాజమండ్రి ఆవిడకి చెప్పలేదు. చెప్పడానికి నోరు తెరిచేసరికి కారు వచ్చి ఆగింది, కొడుకు దిగాడు, అందరూ లేచి నిలబడ్డారు.

సమాధుల తోటలో పాస్టరుగారు క్లుప్తంగా ముగించారు. వాళ్లాయన మట్టి వేసి, చెయ్యి దులుపుకోవడం మర్చిపోయి అలాగే నిలబడ్డాడు. ఆ రాత్రి నేను స్నేహితురాలింట్లో ఉండిపోయాను.

మర్నాడు పొద్దున డ్యూటీకి వెళ్తూ స్కూలు దగ్గర ఆగాను. అసెంబ్లీలో హెడ్‌మిస్ట్రెస్ రెండు మాటలు చెప్పి, రెండు నిమిషాలు మౌనం పాటించమన్నారు. పిల్లలందరూ తలొంచుకుని నిలబడ్డారు. గేటు బయట విస్సన్నపేట వెళ్లే షేర్ ఆటో ఒకటి పెద్దగా పాట పెట్టుకుని వచ్చి, జనం ఎక్కుతారేమోనని ఆగింది. డ్రైవరు లోపలికి చూశాడు. పాట ఆపేశాడు, తర్వాత ఇంజనూ ఆపేశాడు. లోపల ఒడిలో కూరగాయల సంచులు పెట్టుకున్న ఆడవాళ్లు, ముందు సీట్లో ఇరుక్కుని కూర్చున్న ఇద్దరు మగవాళ్లు, ఎవరికోసమో తెలియకపోయినా ఎవరూ ఎవర్నీ అడగలేదు. రోడ్డు మీద, ఆగిన ఆటోలో, ఆ రెండు నిమిషాలూ వాళ్లు కూడా కదలకుండా కూర్చున్నారు.