తేదీ లేని సెలవు చీటీ

మా ఆఫీసులో సెలవు చీటీకి తేదీ వేయరు. ఇది ఏ రూల్సు పుస్తకంలోనూ ఉండదు, కానీ చేరినవాళ్లంతా ఒకరిని చూసి ఒకరు నేర్చుకుంటారు. పని మీద పోయేవాళ్లు సంతకం చేసిన చీటీ ఒకటి పక్క సీటు వాళ్ల సొరుగులో పెట్టి పోతారు. పై అధికారి తనిఖీకి వస్తే ఆ రోజు తేదీ వేసి చూపిస్తాం. రాకపోతే చించేస్తాం. పోయినవాళ్లు మర్నాడు వచ్చి హాజరు పట్టీలో రెండు సంతకాలు పెట్టుకుంటారు. ఇన్నేళ్ల సర్వీసులో అలాంటి చీటీలు ఎన్ని చించానో నాకే తెలియదు.

ఆ పద్ధతి ఆ పిల్లకు నేర్పింది కూడా నేనే.

జూలూరుపాడు దాటాక అడవి మొదలయ్యే వైపు మా ఆఫీసు. ఆమె అక్కడికి జూనియర్ అసిస్టెంటుగా వచ్చింది. లోపలి గూడెం నుంచి సర్కారు కొలువు తెచ్చుకున్న మొదటి మనిషి. ప్రొబేషన్ రెండేళ్లు, అందులో ఏడాదిన్నర గడిచింది. ఇంట్లో వాళ్ల భాష వేరు, అందుకని తెలుగు ఆచితూచి మాట్లాడేది. ఫైలుకు దారం కట్టమంటే లోపలి కాగితాలన్నీ చదివి కట్టేది. నాకు ఒళ్లు మండేది. "గన్ని చదువుకుంట కూసుంటే సాయంత్రం బస్సు పోతది" అని కసిరేదాన్ని.

వానాకాలంలో ఒకరోజు పొద్దున ఆఫీసులో ఉండగానే ఆమెకు ఫోనొచ్చింది. వాళ్ల నాన్న పోయాడు. కళ్లు తుడుచుకుని, ఆ దుఃఖంలోనే కూర్చుని, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని పద్ధతిగా సెలవు చీటీ రాసి నాకు ఇచ్చింది.

"ఏంది ఇది? తేదీలెందుకేసినవ్? సెలవులన్నీ ఖర్చయితయ్. తేదీ లేకుండ రాసి నా సొరుగుల పెట్టి పో, నేను చూసుకుంట" అన్నాను.

"గట్ల రాయొచ్చా మేడం?"

"అందరు గట్లనే రాస్తరు. జల్దీ పో."

మళ్లీ రాసింది. తేదీలున్న చీటీని నేనే చించి బుట్టలో వేశాను. మేలు చేస్తున్నాననే అనుకున్నాను, అది మాత్రం అబద్ధం కాదు.

వాళ్ల గూడెంలో దినం అయ్యేదాకా ఆ ఇంటివాళ్లు ఊరు దాటరు. దానికి తోడు వాగు పొంగింది. ఆమె తిరిగొచ్చేసరికి పన్నెండు రోజులైంది. అయిదో రోజున తనిఖీ జరిగింది. వచ్చిన అధికారి ముందు పక్క గదిలోకి వెళ్లి సొరుగులు తెరిపించాడు. తేదీ లేని చీటీలు రెండు దొరికాయి. ఆ అరుపులు మాకు గోడ ఇవతలికి వినిపించాయి. చీటీలు దాచినవాళ్లకు కూడా మెమో ఇస్తానన్నాడు. నా ప్రమోషన్ ఫైలు అప్పుడే జిల్లా ఆఫీసులో కదులుతోంది. ఆయన నా బల్ల దగ్గరికి వచ్చేసరికి సొరుగు మూసి లేచి నిలబడ్డాను.

"ఈమె ఏది?"

"రాలేదు సార్."

"లీవ్ లెటర్?"

"ఇవ్వలేదు సార్."

చీటీ నా సొరుగులో టిఫిన్ డబ్బా కింద ఉంది. ఆయన నా సొరుగు తెరవమనలేదు.

మెమోతో పోతుందిలే అనుకున్నాను. జిల్లా ఆఫీసు ఏకంగా తీసేయమంది. ఉత్తర్వు డ్రాఫ్టు మమ్మల్నే పంపమంది. డ్రాఫ్టులంటే మా ఆఫీసులో నేనే, ఆ పేరు నాకు గర్వం కూడా. చెప్పకుండా మానేసిందని రాస్తే నేరం మోపినట్టు. నేరం మోపితే నోటీసు ఇవ్వాలి, విచారణ పెట్టాలి, ఆమె చెప్పేది వినాలి. ఆ విచారణ నా సొరుగు దాకా వస్తుంది. అందుకని ఆ ఊసే ఎత్తకుండా, "ప్రొబేషన్ కాలంలో పనితీరు సంతృప్తికరంగా లేనందున సర్వీసు నుంచి తొలగించడమైనది" అని ఒకే ఒక్క వాక్యం రాశాను. పైవాళ్లు అందులో అక్షరం మార్చలేదు.

వారానికి ఆమె నా కిరాయి ఇంటికి వచ్చింది. ఒక చేతిలో ఉత్తర్వు, ఇంకో చేతిలో సంచినిండా సీతాఫలాలు.

"నేనేం తప్పు చేసిన మేడం? గీ కాగితంల తప్పేందో రాయలే. ఇప్పుడేం చేయాలె?"

చెప్పాను. అన్నీ సరిగ్గానే చెప్పాను, అదే నాకు ఇప్పటికీ సిగ్గు. ముందు పై అధికారికి గడువులోగా అప్పీలు పెట్టుకోవాలి. సమాచార హక్కు కింద తన ఫైలు నకళ్లు అడగాలి. అప్పీలు పోతే హైకోర్టుకు పోవచ్చు. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లను తీసేసే అధికారం వాళ్లకుంది, కానీ అసలు కారణం ఒక తప్పే అయితే, ఆ మనిషి మాట వినకుండా తీసేయకూడదు. కోర్టు కాగితం మీది మాటతో ఆగదు, వెనక ఫైల్లో ఏముందో చూస్తుంది.

"నువ్వు చెప్పకుండ మానేసినవనే తీసేసిన్రు. చెప్పే పోయిన అని నువ్వు చూపియ్యాలె" అన్నాను.

"చెప్పే పోయిన గద మేడం. చీటీ మీకే ఇచ్చిన."

"ఎంత వెతికినా దొరకలే. తనిఖీల ఆగమైంది."

నమ్మింది. తిట్టినా, అనుమానంగా చూసినా నాకు కొంత తేలికయ్యేది. అప్పీలు కూడా నన్నే రాసిమ్మంది. మేడం రాస్తే తిరుగుండదని ఆఫీసులో అందరూ అంటారట. రాయడం మొదలుపెట్టాను. "నా తండ్రి మరణించినందున సెలవు చీటీ రాసి..." దగ్గర పెన్ను ఆగిపోయింది. ఆమె చూసింది.

"ఆడ మీ పేరు రాయకుండ్రి మేడం. మీ కొలువు మీదికొస్తది."

రాయలేదు. "ఆఫీసులో ఇచ్చి వెళ్లితిని" అని రాసి ముగించాను. ఆమె వెళ్లాక సీతాఫలాలు పక్కింటివాళ్లకు ఇచ్చేశాను.

అప్పీలు కొట్టేశారు. సెలవు చీటీ ఎవరికి ఇచ్చినదీ అప్పీలుదారు పేర్కొనలేదని కారణం చూపారు. ఆ నెలలోనే నాకు ప్రమోషన్ వచ్చింది.

ఇప్పుడు ఆమె పత్తి ఏరే కూలికి పోతోంది. హైకోర్టులో వకీలును మాట్లాడుకుంది. మొన్న ఫోన్ చేసింది.

"వకీలు గదే అడుగుతుండు మేడం. చీటీ ఎవరికిచ్చినవో చెప్పకుంటె కేసు నిలబడదంట. ఏమని చెప్పాలె?"

ఆ చీటీ నా బీరువాలో చీరల అడుగున ఉంది. దాన్ని కవర్లో పెట్టి పంపితే సరిపోదు. దాని మీద తేదీ లేదు. ఆమె ఏ రోజు ఇచ్చిందో చెప్పడానికి నేను వెళ్లాలి. వెళితే, ఎందుకు దాచానో, ఆ ఉత్తర్వు ఎవరు రాశారో కూడా చెప్పాలి. ఇదంతా ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే ఆలోచించాను.

"గుర్తు లేదని చెప్పు" అన్నాను.

అటు పత్తి చేలో ఎవరో ఎవరినో పిలవడం వినిపించింది.

"అవ్ మేడం, గట్లనే చెప్త" అంది. పెట్టేస్తుందనుకున్నాను. "మీకు ప్రమోషన్ వచ్చిందంట గద. మంచిగైంది మేడం."